ఆరు నెలల గడువు

చిన్నయసూరి నీతిచంద్రికలోని కాకినీ, ఎలుకనీ, తాబేలునీ మరిచిపోయినవాళ్ళు తక్కువ. కాని ఆ కథలన్నీ ఎవరికోసం పుట్టాయని అడగండి, తడుముకుంటాం. పాటలీపుత్రాన్నేలే సుదర్శనుడి కొడుకులు చదువూ సంధ్యా లేకుండా పెడదారిన తిరుగుతూంటారు. రాజుగారి దిగులు చూసి విష్ణుశర్మ, ఆరు నెలలు నాకప్పగించండి, నీతి తెలిసినవాళ్ళని చేస్తానంటాడు. అంటే అల్లరి పిల్లలకి వేరే చదువు అన్నది మనకి కొత్తేమీ కాదన్నమాట. దానికి గడువు కూడా ఉంది!

ఈ కథ నాకు మొన్న జంగారెడ్డిగూడెం బజార్లో గుర్తొచ్చింది. కూరల సంచీతో రోడ్డు దాటబోతూంటే, పామాయిలు గెలల ట్రాక్టరొకటి పక్కకి ఆగింది. నడుపుతున్న కుర్రాడు దిగి, "బాగున్నారా అమ్మగారూ?" అన్నాడు. పోల్చుకోడానికి నిమిషం పట్టింది. పోల్చుకున్నాక నోట మాట రాలేదు.

2018లో వాడూ మా అబ్బాయీ ఏడో తరగతి. వాడంటే క్లాసంతటికీ హడలు. కొట్టేవాడు, గిల్లేవాడు, పుస్తకాలు చింపేవాడు. ఓ రోజు బెంచీ మీద తలవాల్చి నిద్రపోతూంటే మావాడు తట్టి లేపాడు. అంతే, చేతికందిన కంపాసుపెట్టె విసిరేశాడు. మావాడికి కనుబొమ్మ మీద రెండు కుట్లు పడ్డాయి. తల్లిని కదా, శివాలెత్తిపోయాను. తక్కిన తల్లులు నాకు తోడు. "ఆర్నెల్లు సావాసం చేస్తే వాళ్ళు వీళ్ళవుతారు, మన పిల్లలు కూడా ఇలాగే తయారవుతారు" అన్నదొకావిడ.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాణ్ణీ బడి నుంచి వెళ్ళగొట్టకూడదు. కొట్టకూడదు కూడా. బడివాళ్ళకి ఈ సంగతి తెలుసు. అందుకని వెళ్ళగొట్టలేదు. తండ్రిని పిలిపించి, తనంతట తనే టీసీ అడిగినట్టు దరఖాస్తు రాసిమ్మన్నారు. ఆయనకి రాయడం రాదు. గదిలో చేయి తిరిగిన రచయిత్రిని నేనున్నాను కదా! "సొంత పనుల వల్ల మా అబ్బాయిని మా ఇష్టపూర్వకంగా" అంటూ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చాను. ఆయన వేలిముద్ర వేశాడు. నా నవలల్లో కూడా అంత అబద్ధం ఎక్కడా రాయలేదు.

వెళ్ళేముందు ఆయన ఓ మాటన్నాడు. "సీజను కదండీ, బ్యారన్ కాడ రాత్రుళ్ళు నాతోపాటు వాడూ మంట చూస్తన్నాడండీ." మా మెట్టలో వర్జీనియా పొగాకు సంగతి తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆకు బ్యారన్‌లోకెక్కాక వారం పాటు రాత్రీ పగలూ వేడి సరిచూస్తూ ఉండాలి. నిద్రకి పగబట్టినవాడి మొహాన మనం కోపమని పేరు రాశాం.

అయితే న్యాయం రెండువైపులా చూడాలి. నలభై మందిని పెట్టుకుని ఒక పంతులమ్మ ఏం చేస్తుంది? వెళ్ళగొట్టకు, కొట్టకు అన్న చట్టం, మరేం చెయ్యాలో ఆవిడకి నేర్పలేదు. నా బిడ్డ నెత్తురు అబద్ధం కాదు. ఇంగ్లండులో ఇలాంటి పిల్లల్ని కొన్నాళ్ళు విడిగా ఉంచి చదువు చెప్పే బళ్ళున్నాయి. అది తప్పని నేననను. తప్పల్లా, పంపేటప్పుడు తిరిగొచ్చే రోజు అడగకపోవడంలో ఉంది.

మన దగ్గరే దీనికో దారి చూపించినవాళ్ళున్నారు. శాంతాసిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ 1990లలో రంగారెడ్డి జిల్లాలో పనుల్లో ఉన్న పిల్లలకోసం శిబిరాలు పెట్టింది. ఒకచోట కుదురుగా కూర్చోవడం కూడా అలవాటులేని పిల్లలు వాళ్ళు. ఆటతో పాటతో మొదలుపెట్టి, అక్షరాలు దిద్దించి, కొన్ని నెలల్లో ఈడుకు తగిన తరగతిలో మామూలు బళ్ళోనే చేర్చేవారు. దానికి బ్రిడ్జి కోర్సని పేరు. వంతెన మీద ఎవరూ కాపురం పెట్టరు కదా! ఆవలి ఒడ్డున బడి ఉండాలి, ఆ బళ్ళో చోటుండాలి. శాంతాసిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. బడి మానేసిన పిల్లలకి ప్రత్యేక శిక్షణ ఇచ్చి ఈడుకు తగిన తరగతిలో చేర్చాలన్న మాట తరువాత విద్యాహక్కు చట్టంలోనూ చేరింది.

ఆనాడు నేను రాయాల్సిన కాయితం వేరు. "ఈ పిల్లవాడికి ఈ సీజను దాటేదాకా రాత్రి నిద్రా, పగలు విడిగా చదువూ చూడండి. జూన్‌లో వీడి బెంచీ వీడికివ్వండి" అని. ఆవిడ చెప్పిన సామెతే నేను తిరగేసి చెప్పి ఉండొచ్చు. ఆర్నెల్ల సావాసంతో మనవాళ్ళు వాడిలా అయిపోతారని భయపడ్డాం గాని, వాడు మనవాళ్ళలా కావచ్చని ఒక్కరికీ తోచలేదేం? రాజుగారి కొడుకులైతే తోచేదేమో!

ట్రాక్టరెక్కబోతూ ఆ కుర్రాడు, "బాబుగారు ఏం చదువుతున్నారండీ?" అన్నాడు. ఇంజనీరింగని చెప్పాను. "మంచిదండీ" అని మనస్ఫూర్తిగా నవ్వాడు.

క్లాసులో ఉన్నన్నాళ్ళూ మావాణ్ణి పేరు పెట్టే పిలిచేవాడు.