జోడి లెక్క

ధ్యానభాగము: ద్వితీయోపదేశకాండము 24:5-15

దసరా దాటగానే నారాయణఖేడు ప్రాంతపు తండాలలో అనేక ఇండ్లకు తాళములు పడును. యువదంపతులు చెరకు నరకుటకు కర్ణాటక, మహారాష్ట్రములకును, ఇతర జిల్లాలకును తరలిపోవుదురు. వానకాలములోనే మేస్త్రి వచ్చి అడ్వాన్సు ఇచ్చిపోవును. ఆ సొమ్ము మనిషికి కాదు, జోడికి. భర్త నరకవలెను, భార్య మోపుకట్టి మోయవలెను. కూలి టన్నుల లెక్క. ఒకరు జబ్బుపడినచో ఇద్దరి పనియు నిలిచిపోవును. తీరని బాకీ మరుసటి యేటికి ప్రాకును. లెక్క జోడిది గనుక, పెండ్లియైన యేడే కొందరు ఆ లెక్కకెక్కుదురు.

"వారంతట వారే పోవుచున్నారు, బలవంతపెట్టినదెవరు?" అని మనము అందుము. ఈ మాట న్యాయమేనా?

పై భాగములో రెండు ఆజ్ఞలు ప్రక్కప్రక్కన నున్నవి. క్రొత్తగా పెండ్లాడినవానిని ఒక సంవత్సరము ఏ పనికిని పంపరాదు; వాడు ఇంటనుండి భార్యకు సంతోషము కలిగింపవలెను. ఆ వెంటనే రెండవది: తిరుగలి రాళ్లలో క్రిందిదిగాని పైదిగాని కుదువ పెట్టుకొనరాదు, అది ప్రాణమునే పట్టుకొనుట. గమనించుడి. అప్పు అడుగువాడు తిరుగలిని తానే తెచ్చి ఇయ్యవచ్చును. అయినను పుచ్చుకొనుట తప్పే. ఆకలిగొన్నవాని సమ్మతి అప్పిచ్చినవానిని నిర్దోషిగా చేయదు. జోడి యనగా రెండు రాళ్ల తిరుగలియే గదా! మన దేశమున 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టమును అప్పునకు మనిషిని కట్టివేయుటను నిషేధించినది.

మరి పోవుట పాపమా? కాదు. కరవునాట ఎలీమెలెకు, నయోమి బేత్లెహేము విడిచి మోయాబునకు పోయిరి. 1968లో యుగోస్లావియా, పశ్చిమ జర్మనీ ఒడంబడిక చేసికొన్న పిమ్మట బాల్కను పల్లెల యువజనులెందరో కూలికై పరదేశము పోయిరి. బ్రదుకుతెరువు వెదకుట అవిశ్వాసము కాదు. అడుగవలసినది ఒక్కటే: పోయినవాడు తిరిగి రావలెనన్న రాగలడా? నయోమి సమస్తము పోగొట్టుకొనియు, స్వదేశమున ఆహారము కలదని విని, ఎవరి సెలవు అడుగక బయలుదేరెను. బాకీ తీరని జోడికి ఆ పాటి స్వాతంత్ర్యమును లేదు.

కాబట్టి ప్రియులారా, ప్రశ్న పోవువారికంటె నిలిచియున్న మనకే. మేస్త్రి రాకముందే విత్తనములకు వడ్డీలేని చేబదులు మన సంఘమున దొరకునా? ముసలివారియొద్ద విడువబడిన బిడ్డను బడికి పంపునదెవరు? టన్నుల చీటీ చదివి లెక్క సరిచూచునదెవరు? రూతు పరదేశిగా వచ్చినప్పుడు బోయజు జాలిమాటలతో సరిపెట్టలేదు. తన చేని పనలే ఆమెకొరకు విడిపించెను. మనము మన చేనిలో ఏమి విడిచితిమి?