పసుపు పెట్టాం, అంతే

కుందేలుకు గొంతు ఉందని ఆ సాయంత్రం దాకా నాకు తెలియదు. రెండున్నరేళ్లు మా ఇంట్లో తిరిగింది, ఒక్కనాడూ కూత లేదు. కోపమొస్తే వెనక కాలు నేలకేసి కొట్టేది. సంతోషమొస్తే గాల్లోకి ఎగిరి నడుము తిప్పేది. దాని భాషంతా అంతే. ఆ బుధవారం గేటు గడియ సరిగా పడలేదు. వీధికుక్క లోపలికొచ్చి తొడ పట్టుకుంది. అప్పుడు జున్ను అరిచిన అరుపుకి, ఎవరి బిడ్డో నీళ్ల తొట్లో పడిందనుకుని పక్కింటివాళ్లు కూడా పరిగెత్తుకొచ్చారు. ప్రాణం పోతుందన్న భయంలో తప్ప కుందేళ్లు అలా అరవవని తర్వాత తెలిసింది. ఆ అరుపు తర్వాత అది ఐదు రోజులు బతికింది. మళ్లీ గొంతెత్తలేదు.

మాది హిందూపురం. పట్టుగూళ్ల మార్కెట్టుకు మూటలు పోయే దారిలో ఇల్లు. తెల్లగా, ముట్టుకుంటే వణికేలా ఉందని మా అమ్మాయే దానికి జున్ను అని పేరు పెట్టింది. మల్బరీ ఆకంటే దానికి ప్రాణం. పరిగి వైపు నుంచి కూలికొచ్చే ఒకామె కొంగున కట్టుకుని నాలుగు ఆకులు తెచ్చేది. మందు కొట్టిన ఆకు పట్టుపురుగుకు వేస్తే పురుగు చచ్చిపోతుంది కాబట్టి ఆ తోటల్లో జాగ్రత్త ఎక్కువ. పురుగుకు పనికొచ్చే ఆకు కుందేలుకు భయం లేకుండా పెట్టొచ్చని ఆమె ధైర్యం. ఆ ఆకు తిన్న పురుగు కథ ఏమవుతుందో మా ఊళ్లో అందరికీ తెలుసు. దాని సంగతి తర్వాత.

తొడ మీద రెండు చిన్న రంధ్రాలు. వెంట్రుకలు పక్కకు తీస్తేగాని కనిపించవు. రక్తం కూడా పెద్దగా లేదు. నీళ్లతో కడిగి పసుపు పెట్టాం. ముందు భయమంతా కూతురి గురించి, కుక్క కరిచిన కుందేలును ఎత్తుకుంది కదా అని. బొడ్డు చుట్టూ 14 సూదుల కాలం మా అమ్మ ఇంకా మరిచిపోలేదు. ఆస్పత్రికి తీసుకెళ్లి పిల్లకు సూది వేయించాం. కుక్కకాటు మందుకీ కుందేలుకీ ఉన్న చుట్టరికం అప్పుడు నాకు గుర్తు రాలేదు. 1885 జులైలో పారిస్‌లో లూయీ పాశ్చర్ జోసెఫ్ మైస్టర్ అనే పిల్లవాడికి వేయించిన మందు, జబ్బు ఎక్కించిన కుందేళ్ల వెన్నుపాములను ఎండబెట్టి తయారు చేసింది. ఆ పిల్లవాడికి 9 ఏళ్లు. మా అమ్మాయికీ 9 ఏళ్లే. ఆమె చేతికి సూది వేయించి ఇంటికొచ్చాం. బుట్టలో ఉన్నదానికి మాత్రం పసుపే.

శుక్రవారానికి ఆ రెండు రంధ్రాలూ మూసుకుపోయాయి. మానిందని సంబరపడ్డాను. కుక్క పన్ను గాటు పెట్టదు, దిగుతుంది. నోట్లో ఉన్న సూక్ష్మక్రిములను లోపలికి దింపి వస్తుంది. పైన చర్మం త్వరగా అతుక్కుంటుంది, లోపల కుళ్లు పెరుగుతుంది. కాలు పైకెత్తి మూడు కాళ్ల మీద గెంతుతుంటే ఎదురింటాయన, "ఏమప్పా, సామెత నిజమాయె, నీ కుందేలుకు మూడే కాళ్లు" అన్నాడు. నేనూ నవ్వాను. సామెతలో మూర్ఖుడు కుందేలు కాదు, దాన్ని పట్టుకున్నవాడని నవ్వేటప్పుడు తోచలేదు. మానింది, మానింది అని వాదించింది నేనే.

ఆకు ముందు పెడితే నోటికి తీసుకునేది. నమలకుండా అలాగే కూర్చునేది. వెళ్లి చూస్తే ఆకు సగం నోట్లో, సగం బయట. తినే జంతువు తింటున్నట్టు నటిస్తుందని నాకెలా తెలుస్తుంది? నక్కకీ గద్దకీ కనబడే జాతి అది. నొప్పి బయటపెట్టిన కుందేలే ముందు ఆహారమైపోతుంది. అందుకని దాచుకుంటుంది. పళ్లు మెల్లగా నూరుకోవడం, ముడుచుకుని కూర్చోవడం, అంతకుమించి ఫిర్యాదు ఉండదు. శనివారం ఉదయం బుట్ట కింద పెంటికలు దాదాపు లేవు. ఊడ్చే పని తగ్గిందనుకున్నాను. ఈ వాక్యం రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది. కుందేలు పొట్ట ఆగకుండా తిరిగే గిర్నీ లాంటిది, ఒక పూట ఆగితేనే ప్రమాదం. పెంటికలు లేవంటే గిర్నీ ఆగిపోయిందని అర్థం.

అంతకు ముందు రోజు, అంటే శుక్రవారం రాత్రి, జున్ను చెవులు కాలుతున్నట్టు అనిపించి ఫ్రిజ్ తలుపులో ఉన్న సీసా తీశాను. పిల్ల గొంతునొప్పికి రాసిచ్చిన అమాక్సిసిలిన్ సిరప్, గులాబీ రంగుది. పిల్లకు పనిచేసింది దీనికెందుకు పనిచేయదనుకున్నాను. సిరంజీతో మూడు పూటలు పోశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పకూడదనేం కాదు, చెప్పేంత విషయం అనిపించలేదు.

ఆదివారం నా మరదలి పెళ్లి చీరలు చూడ్డానికి ధర్మవరం వెళ్లాలి. జున్నును వైరు బుట్టలో పెట్టుకుని ముగ్గురం ప్యాసింజరు ఎక్కాం. "కుందేలుకూ టికెట్టు తీసినావా?" అని ఎవరో అడిగితే పెట్టెలో అందరూ నవ్వారు. మా ఆవిడ వైపు చుట్టం ఒకాయన, రిటైరైన పశువుల కాంపౌండరు, పెనుకొండలో ఉంటాడు. దారిలో దిగి చూపించుకుని తర్వాతి బండికి పోదామని ఆలోచన. ఆదివారం ఇంకెక్కడ చూపిస్తాం? ఆయన జన్మంతా గొర్రెలతో, ఆవులతో గడిచింది. మాది గొర్రెల సీమ. కుందేలును ఒళ్లోకి తీసుకుని, వెంట్రుకల కింద వేళ్లు పోనిచ్చి ఒకచోట ఆగాడు. నిమ్మకాయంత గడ్డ. నేను నాలుగు రోజులు నిమిరిన తొడ అది.

"గొర్రె అయితే కోసి పిండేస్తాం, కారిపోతుంది," అన్నాడు. "దీని చీము కారదు బిడ్డా. గట్టిగా ఉంటుంది, జున్ను మాదిరి."

ఆయనకు దాని పేరు తెలియదు. మా అమ్మాయి బుట్ట పిడిని రెండు చేతులతో పట్టుకుంది.

ఆయన చెప్పింది నిజమే. మన చీమును పలచబరిచే పదార్థం కుందేలు తెల్లకణాల్లో దాదాపు ఉండదు. అందుకే అది పేస్టులా గడ్డకట్టి, చుట్టూ గోడ కట్టుకుంటుంది. కోసి పిండితే సరిపోదు, గోడతో సహా తీసేయాలి. బెంగళూరు తీసుకుపోండి, ఈ రోజే పోండి అన్నాడు. కడుపు నొక్కి చూశాడు, తోక కింద చూశాడు, ముఖం మారింది.

"ఏమన్నా మందు పోసినారా?"

నా భార్య నా వైపు చూసింది. ఆమెకు తెలియదు, మామూలుగానే చూసింది.

"లేదు చిన్నాయనా. పసుపు పెట్టాం, అంతే," అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ వెతుక్కుంటున్నాను. ఆయన నన్ను తిట్టేవాడు కాదు. మందు పేరు చెప్పి ఉంటే ఏం చేసేవాడో కూడా తెలియదు. ఆ క్షణంలో మాత్రం అది తప్పని తెలియకముందే దాచేశాను. తప్పని తెలిసింది ఆ తర్వాతే. అమాక్సిసిలిన్ నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లో ఉండాల్సిన మంచి క్రిములు చచ్చిపోతాయి, ఆ ఖాళీలో క్లాస్ట్రిడియం జాతి క్రిమి పెరిగి విషం వదులుతుంది. కుందేలుకు నోట్లో పోయకూడని మందుల్లో అది ముందు వరసలో ఉంటుంది. 1941లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసు ముఖం మీది చిన్న గాయం చీము పట్టి చావుకు దగ్గరయ్యాడు. కొత్తగా తీసిన పెన్సిలిన్ ఎక్కిస్తే తేరుకున్నాడు. మందు చాలక, అతని మూత్రంలోంచి మళ్లీ తీసి మరీ ఎక్కించారు. అదీ అయిపోయింది, మార్చి 15న చనిపోయాడు. ఆ మందు వంశానికే చెందిన సీసా మా ఫ్రిజ్ తలుపులో టొమాటో సాసు పక్కన మిగిలిపోయి ఉంది.

పెనుకొండ స్టేషన్లో బండి కోసం కూర్చున్నప్పుడు ఎదురుగా కొండ. 1565లో రాక్షస తంగడి యుద్ధం పోయాక విజయనగరపు గద్దె ఈ కొండ కిందికే వచ్చింది. ఆ రాజ్యం పుట్టుక గురించి అందరూ చెప్పే కథలో కుందేలుంది. వేటకొచ్చిన వాళ్ల కుక్కల మీద ఒక కుందేలు తిరగబడిందట, ఆ పౌరుషం గల నేల మీదే నగరం కట్టారట. 1530ల నాటి పోర్చుగీసు గుర్రాల వ్యాపారి న్యూనిజ్ కూడా ఈ కథ రాసుకున్నాడు. చిన్నప్పుడు ఎంతో ఇష్టపడ్డ కథ, ఆ రోజు బుట్ట ఒళ్లో పెట్టుకుని తలుచుకుంటే ఒళ్లు మండింది. మనకు నచ్చే కుందేళ్లన్నీ ఇలాంటివే. ఒకటి కుక్కను కరుస్తుంది, ఒకటి సింహాన్ని బావిలోకి దూకిస్తుంది, ఒకటి అతిథి కోసం తానే మంటలో దూకి చంద్రుడిలోకి ఎక్కుతుంది. భయపడి, కరిపించుకుని, మూల కూర్చుని నొప్పి దాచుకున్న కుందేలుకు కథ లేదు. లోకంలో ఉన్న కుందేళ్లలో ఎక్కువ భాగం అలాంటివే అయినా.

బెంగళూరు పోలేదు. అది కూడా చెప్పాలి. ఆదివారం, పెళ్లి చీరలు, అటు పోయే బండి ఎప్పుడో, ఖర్చెంతో. రేపు పొద్దున పోదామనుకున్నాం. రేపు అనే మాటను మించిన పసుపు లేదు.

ధర్మవరంలో మా మామది గుంతమగ్గం. ఆ రాత్రి మగ్గం పక్కనే బుట్ట పెట్టాం. ఆయన ఆలస్యంగా దాకా నేశాడు. నాడె అటూ ఇటూ పోతున్న చప్పుడుకు జున్ను చెవి ఒకటి కదిలేది, తర్వాత కదల్లేదు. తెల్లారుజామున చూస్తే కాళ్లు చాపి ఉంది. బతికుండగా అది అంత నిశ్చింతగా కాళ్లు చాపుకోవడం చూసింది ఎండాకాలం గచ్చు మీద మాత్రమే.

మామ మగ్గం మీద సగం దాకా వచ్చిన అరటాకు పచ్చ చీర. ఒక పట్టుగూట్లో కిలోమీటరు దాకా దారం ఉంటుంది. అది తెగకుండా రావాలంటే లోపలి పురుగు రెక్కలొచ్చి గూడు చీల్చుకుని పోకూడదు. అందుకని వేడిగాలిలో పెట్టి చంపుతారు, తర్వాత ఉడికిస్తారు. చీరకు కొన్ని వేల గూళ్లు. ఆ పురుగూ జున్నూ ఒకే తోట ఆకు తిన్నవి. ఒకదాని చావుతో మా రెండు ఊళ్లు బతుకుతున్నాయి, ఇంకొకదాని చావుకు నా కూతురు అన్నం ముట్టలేదు. "కుందేలే కదమ్మా" అన్న పెద్దమనుషులను నేను కసురుకున్నాను. వాళ్లకు నేను జవాబు చెప్పలేనన్నది వేరే సంగతి. పురుగుకు పేరు పెట్టలేదు కాబట్టి అనొచ్చు. అది జవాబు కాదని నాకూ తెలుసు. మా మామ మాత్రం ఏమీ అనలేదు. పెరట్లో గుంత తానే తవ్వాడు, చీర అంచు కత్తిరింపు ఒకటి తెచ్చి చుట్టాడు. పట్టే. అది తప్పో ఒప్పో ఆలోచించే ఓపిక అప్పుడు ఎవరికీ లేదు.

చదివినవన్నీ కూడబలుక్కుంటే, దాన్ని చంపింది బహుశా ఆ గడ్డే. విషం రక్తంలోకి పోయి ఉంటుంది. అప్పటికే తిండి ఆగింది, నా సిరప్ చేసిన చెడు కొంతే అయి ఉండొచ్చు. ఈ లెక్క రాత్రిళ్లు చాలాసార్లు వేశాను. ప్రతిసారీ నేను నిర్దోషిగా తేలేదాకా వేస్తున్నానని ఒక రోజు గమనించి మానేశాను. లెక్కలో ఎటూ తేలనిది ఒక్కటే, ఆ మూడు మాటలు. కుందేలు దాచుకున్నది బతకడానికి. నేను దాచింది ఏం బతికించడానికి?

నెల తర్వాత పిల్లను లేపాక్షి తీసుకెళ్లాను. మా ఊరికి పదిహేను కిలోమీటర్లు. వీరభద్రుడి గుడి, వేలాడే స్తంభం, విరూపణ్ణ కళ్ల మరకలు, అన్నీ చూసింది. రావణుడు రెక్కలు నరికితే జటాయువు ఇక్కడే పడిందని, రాముడు "లే పక్షీ" అన్నాడని చెప్పాను.

"లేచిందా?"

"లేదమ్మా. జరిగింది చెప్పి చచ్చిపోయింది. కన్న తండ్రికి చేసినట్టు రాముడే దహనం చేశాడు."

"లేవకపోతే ఊరికి ఆ పేరెందుకు పెట్టినారు?"

నాకు తోచలేదు. పెద్ద నంది వైపు నడుస్తున్నాం. ఎండ బాగా ఉంది, దారిలో దోసకాయ ముక్కలు అమ్ముతుంటే కొనిచ్చాను. ఆ ఉప్పుకారం వేళ్లతోనే నా చెయ్యి పట్టుకుంది. చెప్పాలనుకుని చెప్పింది కాదు, నోటికి వచ్చేసింది.

"జున్నుకు నీ గొంతునొప్పి మందు పోశాను. పోయకూడదట అది."

"తెలుసు," అంది. "నువ్వు వంటింట్లో పోస్తాంటే చూసినా."

నంది నీడలోకి వచ్చాం. ఆమె దోసకాయ కొరుకుతూ నంది మెడలోని గంటలు లెక్కపెడుతోంది.

"మరి పెనుకొండలో తాత అడిగినప్పుడు నువ్వెందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్పలేదు కదా," అంది.