నేర్పు ఉంటే చాలా?

"అది జూదం కాదన్నా, బుర్ర పెట్టి ఆడే ఆట." ఐపీఎల్ రోజుల్లో నంద్యాల టీ అంగళ్ల దగ్గర ఈ మాట విననివాళ్లు తక్కువ. డ్రీమ్ ఎలెవన్‌లో వంద క్రెడిట్లకు మించకుండా పదకొండుమందిని ఎంచుకోవాల్సి వచ్చేది. కెప్టెన్‌కి రెండింతల పాయింట్లు, వైస్ కెప్టెన్‌కి ఒకటిన్నర ఇంతలు. పిచ్ సంగతి తెలియాలి, ఎవరు ఏ బౌలర్ దగ్గర తడబడతారో తెలియాలి. తెలివితో సంపాదిస్తే తప్పేముంది అని వాదన.

కోర్టులు కూడా చాలాకాలం ఈ దారిలోనే నడిచాయి. సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో, 1967లో, రమ్మీలో నేర్పుదే ముఖ్యపాత్ర అని సుప్రీంకోర్టు చెప్పింది. 2017లో పంజాబ్-హర్యానా హైకోర్టు డ్రీమ్ ఎలెవన్ గురించీ అదే అంది. ఆంధ్రప్రదేశ్ మాత్రం 2020లో డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం, నేర్పా అదృష్టమా అన్న తేడానే పక్కన పెట్టేసి, డబ్బు పందెం ఉంటే చాలు కూడదంది. చట్టం సంగతి అలా తేలింది. మరి న్యాయం సంగతి?

నేర్పు ఉన్నంతమాత్రాన ఆట శుభ్రమవుతుందా? నేర్పు శకునికీ ఉంది. నలుడి కథ ఇంకా బాగా చెబుతుంది. పాచికల్లో రాజ్యం పోగొట్టుకున్న నలుడు, ఋతుపర్ణుడి దగ్గర అక్షహృదయం నేర్చుకుని పుష్కరుణ్ణి ఓడిస్తాడు. ఈసారి అది అదృష్టం కాదు, విద్య. అయినా గెలిచిందంతా ఉంచుకోడు. తమ్ముణ్ణి క్షమించి, అతని భాగం అతనికిచ్చి పంపేస్తాడు. తెలిసినవాడు తెలియనివాడి దగ్గర గెలిచిన సొత్తు పూర్తిగా తనది కాదని ఆ విద్య వచ్చినవాడికే బాగా అర్థమైందేమో.

ఆళ్లగడ్డలో శిల్పి రాయి చెక్కుతాడు. అదీ నేర్పే. కానీ అతనికి కూలి రావాలంటే పక్కవాడి ఉలి విరగనక్కర్లేదు. పని అయ్యాక ఊరికి ఒక విగ్రహం మిగులుతుంది. పందెంలో అలా కాదు. నా గెలుపు నలుగురి ఓటమిలోంచి, అదీ కంపెనీ వాటా తీసేశాక, రావాలి.

దీనికి నంద్యాలలోనే ఎదురు ప్రశ్న ఉంది. బ్యాంకు కోచింగ్‌కి పేరుపడ్డ ఊరిది. ఒక పోస్టుకి వందలమంది పోటీ. ఒకడికొస్తే మిగతావాళ్లకు పోయినట్టే కదా, అదీ జూదమేనా? కాదు. ఓడినవాడికి లెక్కలు మిగులుతాయి, ఇంకో పరీక్షకి పనికొస్తాయి. అయితే ఒక పోలిక మాత్రం నిజం. గోడమీది ఫ్లెక్సీల్లో ఉద్యోగం వచ్చినవాళ్ల ఫొటోలే ఉంటాయి. రానివాళ్లకు ఫ్లెక్సీ ఎవరూ కట్టరు.

నా దృష్టిలో అసలు చిక్కు ఆడేవాడి దగ్గర కంటే టీం చెప్పేవాడి దగ్గర ఉంది. "అన్నా, ఈ పొద్దు కెప్టెన్ ఎవురు?" అని అడిగితే ఒక పేరు చెప్పడంలో తప్పులేదు. గెలిచిన రోజు స్క్రీన్‌షాట్ చూపించి, ఓడిన పది రోజులు మింగేస్తేనే తప్పు మొదలవుతుంది. పైగా జనం ఆడినకొద్దీ అతనికి కమీషన్ వస్తుంటే, అతని సలహా సలహా కాదు, బేరం. ఆనాటి రమ్మీ తీర్పులోనూ ఈ మెలిక ఉంది: ఆట మీద క్లబ్బు యజమాని లాభం తీస్తుంటే అది నేరం కావచ్చని కోర్టు అంది. ఆటలో నేర్పు ఎంతన్నది ఒక ప్రశ్న, పక్కన కూచుని ఎవరు తింటున్నారన్నది ఇంకో ప్రశ్న. మనవాళ్లు మొదటిదే పట్టుకున్నారు.

ఊహాజట్లు కట్టుకోవడం చెడ్డపని కాదు. ఇంగ్లండు ఫుట్‌బాల్ మీద నడిచే ఫాంటసీ ప్రీమియర్ లీగ్‌కి ప్రవేశ రుసుము లేదు, అయినా లక్షలమంది సీజనంతా తలలు బద్దలుకొట్టుకుంటారు. నంద్యాలలోనైనా ఆళ్లగడ్డలోనైనా టీం చెప్పాలని ఉబలాటపడే కుర్రాడికి ఒక పరీక్ష చాలు. పైసా రాకపోయినా, నిన్న నీ అంచనా ఎక్కడ తప్పిందో ఈరోజు మొదటి వాక్యంలోనే చెబుతావా? చెప్పగలిగితే అతను ఆటను ప్రేమించేవాడు. ఆ మాట చెప్పలేనివాడికి ఎంత నేర్పున్నా, అది శకుని నేర్పే.