మామను అడగని సినిమా

కనుమ నాడు అహోబిలం నుంచి పల్లకి కదులుతుంది. ఎగువ అహోబిలం జ్వాలా నరసింహుడు, దిగువ అహోబిలం ప్రహ్లాద వరదుడు కలిసి బయలుదేరతారు. బోయీల భుజాల మీద 40 రోజులకు పైగా 30కి పైగా ఊళ్లు తిరుగుతారు. ఫాల్గుణంలో జరిగే తన పెళ్లికి రమ్మని స్వామే వచ్చి పిలుస్తున్నాడని ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో చెప్పుకుంటారు. ఇదే పారువేట. పల్లకి బయలుదేరేటప్పుడు నల్లమల చెంచులు విల్లు ఎక్కుపెట్టి దాని వైపు బాణాలు వేస్తారు. చెంచులక్ష్మిని పెళ్లాడిన నరసింహుడు వాళ్లకు అల్లుడు. సంక్రాంతికి అల్లుడు రావడం, అల్లుడిని ఆటపట్టించడం తెలుగు వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ ఉత్సవానికి యునెస్కో గుర్తింపు తేవాలని వారసత్వ పరిరక్షణకు పనిచేసే ఇంటాక్ సంస్థ ప్రయత్నం మొదలుపెట్టాక కెమెరాలు బాగా పెరిగాయి. నేనూ ఒక కెమెరా పట్టుకుని వెళ్లినదాన్నే. నంద్యాలలో డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెబుతాను. నా పరిశోధనను పుస్తకంగా కాకుండా డాక్యుమెంటరీగా సమర్పించాలని కొన్నేళ్లుగా పారువేట వెంట తిరుగుతున్నాను. ఆ పని కోసం అంతకుముందు తీసిన వీడియోలు దొరికినన్ని చూశాను. అన్నిటిలోనూ ఒకే పద్ధతి. పండితుడు కూర్చుని మాట్లాడతాడు. ఆయన అంగవస్త్రానికి చిన్న మైకు ఉంటుంది, తెర అడుగున పేరు, బిరుదు పడతాయి. చెంచు నిలబడి బాణం వేస్తాడు. లేకపోతే ఆడతాడు. అతని పేరు పడదు. అతని గొంతు మీద డప్పు మోత, దాని మీద వ్యాఖ్యాత గొంతు. పండితుడి దగ్గర ఆలోచన, చెంచు దగ్గర ఒళ్లు. తీసినవాళ్లలో ఎవరికీ చెంచుల మీద చులకన లేదు. ప్రేమగానే తీశారు. అంత ప్రేమగా తీసినవాళ్లకు కూడా ఆ మనిషిని దేవుడి గురించి ఒక్క మాట అడగాలని ఎందుకు తోచలేదు?

దేవుడి గురించి ఎవరి మాట జ్ఞానం, ఎవరి మాట ఆచారం? ఈ ప్రశ్న నాకు సినిమా ప్రశ్న కంటే ముందు మతానికి సంబంధించిన ప్రశ్న.

మన తర్కశాస్త్రంలో దీనికి సూటి జవాబే ఉంది. న్యాయ దర్శనం ఆప్తుడి మాటను ప్రమాణంగా ఒప్పుకుంటుంది. ఆప్తుడంటే ఒక విషయాన్ని తాను స్వయంగా ఎరిగి, ఎరిగింది ఎరిగినట్టు చెప్పాలని కోరుకునేవాడు. న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఋషికైనా ఆర్యుడికైనా మ్లేచ్ఛుడికైనా ఆప్తుడి లక్షణం ఒక్కటేనని స్పష్టంగా రాశాడు. కులం అడగలేదు, చదువు అడగలేదు. తెలుసా, నిజం చెబుతున్నాడా అనే రెండే అడిగాడు. ఆ కొలత మీద చూస్తే, ఒక ఇంటి అల్లుడెవరో చెప్పడానికి ఆ ఇంటివాళ్ల కంటే ఆప్తులెవరు?

కృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర రోజుల్లో అహోబిలం వచ్చాడు. ఆయన శాసనం అక్కడ ఉంది. ఆయన రాసిన ‘ఆముక్తమాల్యద’కు విష్ణుచిత్తీయమనే పేరు కూడా ఉంది. అందులో శ్రీవిల్లిపుత్తూరులో పూలదండలు కట్టే విష్ణుచిత్తుడు తన కూతురు గోదను రంగనాథుడికిచ్చి దేవుడికి మామ అయ్యాడు. ఆయన పన్నెండుమంది ఆళ్వారుల్లో ఒకరు, పెరియాళ్వారు. ఆయన పాడినవి నేటికీ శ్రీవైష్ణవాలయాల్లో పాడతారు. దేవుడికి దిష్టి తగులుతుందేమోనని ఆయన పడ్డ భయాన్ని కూడా వ్యాఖ్యాతలు వేదాంతంగా వివరించారు. నల్లమలలో మరో తండ్రి తన కూతురిని నరసింహుడికిచ్చాడు. ఆయన పేరేమిటి? ఆయన ఏమన్నాడు? ఇద్దరూ దేవుడికి పిల్లనిచ్చిన మామలే. ఒకరి మాట ఆళ్వారుల దివ్యప్రబంధంలో చేరింది, రెండోవారి మాట గిరిజన గాథ అని పక్కకు పోయింది. ఈ తేడా చేసింది దేవుడు కాదు.

ఇటువంటి చుట్టరికాలు మా సీమకు కొత్తవి కావు. దేవుని కడపలో ఉగాది నాడు ముస్లింలు వెంకన్న గుడికి వస్తారు, బీబీ నాంచారి వైపు నుంచి ఆయన తమ అల్లుడని. శ్రీశైలం మల్లన్నను చెంచులు చెంచు మల్లయ్య అంటారు. భక్తుడు దేవుడికి లోబడి ఉంటాడు. చుట్టానికి మాత్రం దేవుడు కూడా కొంత లోబడాలి, రావాలి, పిలవాలి, మర్యాద చేయాలి. దేవుడికి బాధ్యతలు ఉంటాయనడం చిన్న సిద్ధాంతమేమీ కాదు. అది వేషంలోనో ఆటలోనో కనిపించదు, మాటలోనే వినిపిస్తుంది. అందుకే మైకు ఎవరికి పెట్టామన్నది నాకంత పట్టింపు.

నేను పుట్టింది ఆళ్లగడ్డలో, రాయి చెక్కే ఇంట్లో. మా ఊరి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఇక్కడ చెక్కిన విగ్రహాలు దేశదేశాల గుళ్లకు పోతాయి. మా బంధువుల ఖార్ఖానాలో చెంచులక్ష్మి విగ్రహం తయారవుతుంటే దగ్గర కూర్చుని తీశాను. నల్లరాయి మీద ముందు గీత, తర్వాత మిషన్ కోత, ఆ పైన ఉలి. భుజం మీద విల్లు, మెడలో పూసలు, నడుముకు ఆకులు. మా చిన్నాన్న ఉలి మొన వెంట్రుకవాసి కూడా పక్కకు పోకుండా, ఒక్కో ఆకుకు మధ్య ఈనె తీస్తూ పోతున్నాడు. రాతిపొడి ఊదుకోవడానికి తప్ప తల ఎత్తలేదు. ‘ఆకులు ఎందుకు చిన్నాన్నా, చెంచు ఆడవాళ్లు ఆకులు కట్టడం నువ్వెప్పుడన్నా చూసినావా?’ అని అడిగాను. ‘యాడ చూస్తానే, పటంలో అట్లనే ఉంటాది’ అన్నాడు. ఆ పటం క్యాలెండరుది. ఆ క్యాలెండరు గీసినవాడి కళ్లలో 1958లో బి.ఎ. సుబ్బారావు తీసిన ‘చెంచులక్ష్మి’లో అంజలీదేవి ఉండి ఉంటుంది. స్టూడియోలో కట్టిన అడవి నుంచి క్యాలెండరుకు, క్యాలెండరు నుంచి రాయికి, రాయి నుంచి గుడికి. మధ్యలో నల్లమల ఎక్కడా తగల్లేదు. మా చిన్నాన్న చేతి నేర్పుకు నేను దండం పెడతాను. విగ్రహానికి కళ్లు తెరిచే వేళ ఆయన పాటించే నియమం నాకు తెలుసు. ఆ నియమం చూసినదాన్ని కాబట్టే, మనిషి బొమ్మ చేసేటప్పుడు ఆ మనిషి దగ్గరికి వెళ్లడం కూడా నియమంలో భాగం కావాలంటున్నాను.

ఈ బాధ మనకంటే ముందు ఆఫ్రికా పడింది. ఫ్రెంచి మానవశాస్త్రవేత్త జాన్ రూష్ 1954లో అక్రా దగ్గర హౌకా పూనకాలను చిత్రించాడు. నైజర్ నుంచి వలస వచ్చిన కూలీలు పూనకంలో తెల్ల అధికారులుగా మారే తంతు అది. మరుసటి ఏడాది బయటికి వచ్చిన ‘లె మెత్ర్ ఫూ’ ఇప్పటికీ పాఠ్యాంశం. ఆ సినిమాలో పూనకం వచ్చినవాళ్ల నోట నురుగు కనిపిస్తుంది, వినపడేది మాత్రం రూష్ గొంతు. 1965లో సెనెగల్ దర్శకుడు ఉస్మాన్ సెంబేన్ రూష్‌ను ఎదుట కూర్చోబెట్టుకుని, మీరు మమ్మల్ని పురుగుల్ని చూసినట్టు చూస్తున్నారని అనేశాడు. రూష్ మంచివాడే. జీవితమంతా ఆఫ్రికాకే ఇచ్చాడు. సెంబేన్ మాట్లాడింది ఆయన మంచితనం గురించి కాదు, గొంతు ఎవరిదన్న దాని గురించి.

నాకు దారి చూపించింది మాత్రం సఫీ ఫాయె. డకార్‌లో బడిపంతులమ్మ. రూష్ సినిమాలోనే నటించింది, ఆ తర్వాత పారిస్ వెళ్లి మానవజాతి శాస్త్రం, సినిమా రెండూ చదివింది. 1975లో ‘కద్దు బేయ్‌కత్’, 1979లో ‘ఫాద్‌జాల్’ తీసింది. రెండూ తన వాళ్లయిన సెరేర్ రైతుల గురించి. ‘ఫాద్‌జాల్’లో ఊరి పెద్దలు చెట్టు కింద కూర్చుని ఊరెట్లా పుట్టిందో పిల్లలకు చెబుతారు, ప్రభుత్వ భూమి చట్టంతో తమ నేల ఏమవుతుందో వాదించుకుంటారు. వాళ్ల పురాణం, వాళ్ల భూమి ఒకే సంభాషణలో వస్తాయి. వివరించడానికి బయటివాడు ఎవడూ దిగడు. ఆమె 2023లో కన్నుమూసింది. పరిశోధన అంటే సమాచారం తెచ్చుకోవడం కాదనీ, ఎదుటివాడు వాదించడానికి చోటు ఇవ్వడమనీ నేను ఆ సినిమాలోనే చూశాను.

ఆఫ్రికా అంత దూరం కూడా పోనక్కర్లేదు. హైదరాబాదులో ఏసీ గార్డ్స్ బస్సెక్కేవాళ్లలో ఆ పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చిందని తెలిసినవాళ్లు తక్కువ. నిజాం కొలువులో ఉన్న ఆఫ్రికా సంతతి సిపాయిల వారసులు, సిద్దీలు, ఇప్పటికీ అక్కడ ఉన్నారు. వాళ్ల మీద వచ్చే కథనాల్లో మర్ఫా డప్పుల మోత తప్పక ఉంటుంది. పెళ్లి ఊరేగింపు, జుట్టు, ఒంటి తీరు ఉంటాయి. వాళ్ల నమాజు గురించి, మరణం గురించి, తాతలు దాటి వచ్చిన సముద్రం గురించి వాళ్లేమనుకుంటారో నేను వాటిలో వెతికాను, దొరకలేదు. నల్లమలలో విల్లు చేసే పనినే అక్కడ మర్ఫా చేస్తోంది.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం వల్ల హైదరాబాదు రాజ్యంలో చిక్కుపడిన ఆస్ట్రియా వాడు క్రిస్టఫ్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1940లో కృష్ణకు అవతల, అమ్రాబాద్ గుట్టల మీద చెంచుల మధ్య పని చేశాడు. 1943లో వాళ్ల మీద పుస్తకం తెచ్చాడు. చెంచులను ఆదిమ దశకు నమూనాగా చూసే దృష్టి అందులో ఉంది, దానితో నాకు పేచీ. అయినా ఆయన వాళ్లను దేవుడి గురించి అడిగాడు. వేటనిచ్చే గారెల మైసమ్మ గురించి, పైనుండే భగవంతరు గురించి వాళ్లు చెప్పింది రాసుకున్నాడు. ఆ తర్వాత ఇన్నేళ్లకు, చేతిలో ఇంత సులువైన కెమెరాలు ఉండి, మనం బాణం ఒక్కటే పట్టుకొస్తున్నాం.

అందుకని నేను చెంచు గూడేనికి వెళ్లి కూర్చున్నాను. నాతో మాట్లాడిన పెద్దాయన తేనెకు దిగే తాడు పేనుతున్నాడు. అరచేతుల మధ్య నార తిరుగుతూనే ఉంది, మాట సాగుతూనే ఉంది. అల్లుడైతే మొక్కడమెందుకని అడిగాను. ‘దేవుడే గదమ్మా, కాదన్యాది ఎవరు? అయినా మా బిడ్డను చేసుకున్యాడు గదా. గడ్డలు తవ్వేది, తేనె పట్టేది నేర్చుకున్యాకనే పిల్లనిచ్చినారు. ఊరికే ఇయ్యలేదు.’ మరి ఆయన వైష్ణవ దేవుడు కదా, పాములేటి నరసింహుడి దగ్గర పొట్టేళ్లు కోస్తారెందుకని అడిగాను. అహోబిలంలో ఉండే తొమ్మిది నరసింహ క్షేత్రాల్లో పావన నరసింహుడికి జనం పెట్టుకున్న పేరు పాములేటి నరసింహుడు. ‘అల్లుడు ఇంటికొస్తే ఏం పెడతారు మీ ఇంట్లో?’ అన్నాడు.

ఆ మాటల్ని ఆళ్లగడ్డలో ఒక వైష్ణవ పండితుడికి చూపించాను. ఆయన శ్రద్ధగా చూసి, రెండోసారి పెట్టమని మరీ చూశారు. ‘దీన్నే మేము సౌలభ్యం అంటామమ్మా. పరమాత్మ ఎంత పైవాడో అంత కిందికి దిగి వస్తాడు. చెంచుల దగ్గరికి దిగడం ఆయన కరుణకు పరాకాష్ఠ’ అన్నారు. విశిష్టాద్వైతంలో అది పెద్ద మాట. ఆయన దాన్ని కళ్లు చెమర్చేలా అన్నారు. నేను దాన్నీ రికార్డు చేసుకుని మళ్లీ గూడేనికి తీసుకుపోయాను.

పెద్దాయన ఫోనును దూరంగా పట్టుకుని విన్నాడు. ‘దిగొచ్చినాడంటాండాడా అయ్యవారు? వైకుంఠం యాడుందో నాకు తెల్దు. మేముండేది కొండ మీద. మా కాడికి వచ్చేటోడు ఎవుడైనా ఎక్కాల్సిందే.’

నా పరిశోధనను పరిశీలించిన ఒకరు ఈ మాటను తీసేయమన్నారు. తమాషాగా ఉందన్నారు. ఉంచేటట్టయితే, ఇది జానపద విశ్వాసమని వ్యాఖ్యాత గొంతుతో వివరణ జోడించమన్నారు. నేను ఒప్పుకోలేదు, ఒప్పుకోను. అది తమాషా కాదు, ఆక్షేపణ. దిగడం అన్న మాటలోనే మేము కింద ఉన్నామని ముందే తీర్మానించారు కదా అని పెద్దాయన అడుగుతున్నాడు. కరుణకు చిరునామా ఎక్కడని అడుగుతున్నాడు. శాస్త్రచర్చలో పూర్వపక్షాన్ని, అంటే ఎదుటివాడి వాదాన్ని, దాని పూర్తి బలంతో ముందు చెప్పనిదే సిద్ధాంతం చెప్పే హక్కు రాదు. రామానుజుల శ్రీభాష్యం మొదట్లోనే అద్వైతుల వాదాన్ని అంత విస్తారంగా నిలబెట్టి ఆ తర్వాతే ఖండనకు దిగుతుంది. శంకరుడి పక్షానికి దక్కిన ఆ గౌరవం తాడు పేనే మనిషి మాటకు ఎందుకు దక్కకూడదు? చెంచులు తమ గూడేల నేల మీద, అటవీ హక్కుల పట్టాల మీద ఏమన్నా వినే చెవులు కరువైన చోట, దేవుడి మీద అన్నది తీసేస్తే వాళ్ల దగ్గర మిగిలేది మళ్లీ ఆ విల్లే.

పెద్దాయన అన్న ఆ మాటను కూడా పండితుడి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన తమాషా అనలేదు. ఎక్కి రావడం అనే భావం ఆళ్వారుల పాటల్లో ఎక్కడైనా ఉందేమో చూసి జవాబు చెబుతానన్నారు. బ్రహ్మోత్సవాలు అయ్యాక రమ్మన్నారు. వీలైతే గూడెం పెద్దాయనను కూడా వెంటబెట్టుకు రమ్మన్నారు. ఆయన వస్తాడో రాడో ముందు అడగాలి.