ఏ మాలిన్యానికి ఆ మందు

మారేడ్‌పల్లిలో పెంకుటిళ్లు, పెరళ్లు ఉన్న రోజుల్లో అంట్లు బావి గట్టున తోమేవారు. బూడిద, కొబ్బరి పీచు, ఇత్తడికైతే చింతపండు. ఆ ఇళ్ల చోట అపార్ట్‌మెంట్లు లేచాక ఆ పని వంటింట్లోకి, దేవుడి అలమరకు నాలుగడుగుల దూరానికి వచ్చేసింది. పొద్దున్నే దీపం పెట్టుకుంటాం, స్తోత్రం చదువుకుంటాం. రాత్రి కంచాలు ఎంగిలితో పడి ఉన్న సింక్ వైపు మాత్రం కన్నెత్తి చూడం. అది భక్తికి సంబంధించిన చోటు కాదనుకుంటాం.

భగవద్గీత అలా విడదీయలేదు. పదమూడో అధ్యాయంలో జ్ఞానసాధనాలను చెబుతూ శ్రీకృష్ణుడు వినయం, అహింస, ఓర్పుల వరుసలోనే శౌచాన్నీ చేర్చాడు. పతంజలి చెప్పిన అయిదు నియమాల్లో మొదటిది అదే. గీతాభాష్యంలో శంకరాచార్యులు దాన్ని ఇంకాస్త విప్పి చెప్పారు. ఒంటి మురికిని మట్టితో, నీటితో కడుక్కోవడం బయటి శౌచం. మనసుకు పట్టిన రాగద్వేషాలను వాటికి ఎదురైన భావనతో తొలగించుకోవడం లోపలి శౌచం. ఈ రెండో మాట దగ్గర మనం ఆగాలి. ఏదో ఒక మంచి ఆలోచన చేసుకోమని ఆయన అనలేదు. ఏ మాలిన్యం పట్టిందో చూసి, దానికి సరిగ్గా ఎదురు నిలిచేదాన్ని తెచ్చుకోమన్నారు.

స్టీలు సింక్ ముందు నిలబడితే ఈ మాట చేతికి అందుతుంది. సింక్‌కు పట్టే మురికి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి పోపు నూనెల జిడ్డు. దానికి క్షారగుణం ఉన్న వంటసోడా కావాలి. తడి సింక్‌లో సోడా చల్లి, మెత్తటి గుడ్డతో స్టీలు గీతల వెంబడే రుద్దితే జిడ్డు వదులుతుంది. గోరువెచ్చని కుంకుడు రసమూ ఈ పని చేస్తుంది, ఆ నురుగుకు జిడ్డును నీటిలో కలిపేసే గుణం ఉంది. రెండోది బోరు నీళ్లు వాడే ఇళ్లలో కుళాయి చుట్టూ పేరుకునే తెల్లటి చార. అది ఎక్కువగా సున్నం. ఎంత సోడా వేసి రుద్దినా కదలదు. నిమ్మచెక్కతోనో చింతపండు గుజ్జుతోనో రాసి అయిదు నిమిషాలు ఉంచితే ఆ పులుపుకు కరిగిపోతుంది. తర్వాత బాగా కడిగి, పొడిగుడ్డతో తుడవాలి. నీటిచుక్కలు అలాగే ఆరితే మళ్లీ చారలే.

సోడా, నిమ్మరసం కలిపి ఒకేసారి పోస్తే బుస్సున పొంగుతుంది. గొప్ప పని జరుగుతున్నట్టు ఉంటుంది. కానీ క్షారం, ఆమ్లం ఒకదాని బలాన్ని ఒకటి తినేస్తాయి. మన సాధనలోనూ ఈ పొంగు కనబడుతుంది. నాలుగు వ్రతాలు, పది స్తోత్రాలు, మూడు ప్రవచనాలు కలిపి హడావుడి పడతాం. పక్కింటివారి అభివృద్ధి చూసి కలిగిన అసూయ మాత్రం చెక్కుచెదరదు. సుఖంగా ఉన్నవారి పట్ల మైత్రి, దుఃఖంలో ఉన్నవారి పట్ల కరుణ అని పతంజలి వేరువేరుగా చెప్పింది అందుకే. అసూయకు ఉపవాసం మందు కాదు, ఎదుటివారి సంతోషానికి సంతోషించడమే మందు.

ఇంకొక సంగతి. స్టెయిన్‌లెస్ స్టీలు మెరుపు నిమ్మకాయ తెచ్చిపెట్టినది కాదు. 1913లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తయారుచేసిన ఈ రకం ఉక్కులో క్రోమియం ఉంటుంది. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనబడనంత పల్చని పొరగా ఉక్కును కాపాడుతుంది. గీత పడినా, మురికి తొలగి గాలి తగిలితే ఆ పొర తనంతట తానే తిరిగి ఏర్పడుతుంది. ఆత్మ సహజంగా శుద్ధమే, చేయవలసింది కప్పిన మలినాన్ని తీయడమేనని వేదాంతం చెప్పేదీ ఇదే.

తీయడంలోనూ అహింస ఉండాలి. ఇనుప పీచుతో గీకితే దాని రేణువులు అంటుకొని తుప్పు పడతాయి. ఉప్పు, బ్లీచింగ్ ఎక్కువసేపు ఉంటే స్టీలుకు గుంటలు పడతాయి. బ్లీచింగ్‌లో నిమ్మరసం లాంటి పులుపు కలిస్తే విషవాయువే వస్తుంది, ఆ పని ఎప్పుడూ చేయకండి.

రామకృష్ణ పరమహంసకు అద్వైతం బోధించిన తోతాపురి తన లోటాను రోజూ తోమి తళతళలాడించేవాడు. మీకింకా ధ్యానం ఎందుకని పరమహంస అడిగితే, రోజూ తోమకపోతే మాసిపోతుందంటూ ఆ లోటానే చూపించాడట. లోటా మాసిపోని బంగారుదైతేనో అని పరమహంస తిరిగి అడిగారంటారు. ఆ స్థాయి వారి మాట వేరు. మనకు రోజూ తోముకోవడమే దారి.

కానీ చాలా ఇళ్లలో సింక్ తోమేది మనం కాదు, పొద్దున్నే నాలుగిళ్లు తిరిగి వచ్చే పనావిడ. ఘాటు రసాయనాలకు వేళ్లు పగిలేది ఆమెకే. ఈ రాత్రి నుంచి ఎవరి కంచంలోని మెతుకులు వారే తీసి చెత్తబుట్టలో వేసి, కంచం ఒకసారి కడిగి పెట్టండి. వారానికి ఒక్కరోజైనా సింక్ మీరే తోమండి.