అప్పన్న ఖాతా

ఆవు ఈనగానే మా వైపు పాకలో వినపడే మొదటి మాట "పెయ్యా, కోడా?" మాయ పడిందా లేదా అన్నది ఆ తరవాతి సంగతి. నేను గోపాలమిత్రగా చేరినవాణ్ణి, ఇప్పటికీ పిలిస్తే వెళ్తాను. చీపురుపల్లి, గరివిడి, మెరకముడిదాం చుట్టుపక్కల ఊళ్ళల్లో ఎదకొచ్చిన ఆవులకి కృత్రిమ గర్భధారణ సూదులు వేస్తూ, నత్రజని డబ్బా బండికి కట్టుకుని తిరుగుతుంటాను. పెయ్య పుట్టిందంటే ఆ ఇంట్లో నాకు టీ వస్తుంది. కోడె పుట్టిందంటే "పోన్లే బావూ, అప్పన్నకి ఒగ్గీద్దాం" అన్న మాట వస్తుంది. ఆ మాట గురించే నాలో చాలాకాలంగా ఒక వాదన నడుస్తోంది. మనం సింహాచలం దేవుడికి కానుక ఇస్తున్నామా, మన నష్టాన్ని ఆయన పేర రాసేస్తున్నామా?

ముందు పద్దు సంగతి చూద్దాం. మా వైపు రైతు కొనే జెర్సీ, పశువైద్య పుస్తకాల్లో బొమ్మ వేసిన జెర్సీ కాదు. ఎప్పుడో ఒక నాటు ఆవుకి జెర్సీ సూది పడింది, దాని పెయ్యకి మళ్ళీ పడింది, అలా రెండు మూడు తరాలకి దిగిన చవక రకం. మూపురం అణిగిపోయి ఉంటుంది. దాని పుట్టుపూర్వోత్తరాలు ఎవరూ అడగరు. నారాయణవలస సంతలోనో అలమండ సంతలోనో తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకుని ధర తేల్చేటప్పుడు చూసేవి వేరు. ఎన్ని పళ్ళు వేసింది, ఎన్నో ఈత, పొదుగు వెనక నుంచి చూస్తే ఎలా ఉంది, నాలుగు చన్నులూ సమంగా ఉన్నాయా, పొట్ట కింద పాలనరం ఎంత లావుంది. రెండో ఈత, మూడో ఈత ఆవుకి గిరాకీ. బాగా ఈతలు ముదిరిన ఆవు బేరం వేరే దారి పడుతుంది, ఆ దారి ఎటో ఎవరూ నోటితో అనరు. ఇవన్నీ తేలాక కూడా ధరని అటో ఇటో తిప్పేది పక్కన కట్టిన దూడ. పెయ్యదూడ అయితే మూడేళ్ళలోపు ఇంకో పాడి ఆవు చేతికొచ్చినట్టే. కోడె అయితే, కొనేవాడు ఆ దూడని తోలుకుపోవడమే అమ్మేవాడికి చేస్తున్న ఉపకారం అన్నట్టు మొహం పెడతాడు.

నాటు పెయ్య తొలిసారి ఈనడానికి నాలుగేళ్ళు చూడాలి. నాటు ఆవు పూటకి లీటరో లీటరున్నరో ఇచ్చేచోట ఈ చవక జెర్సీ రోజుకి ఆరో ఏడో ఇస్తుంది. పాల కేంద్రంలో వెన్న శాతం, వెన్న కాని ఘనపదార్థాల శాతం (ఎస్‌ఎన్‌ఎఫ్) చూసి ధర కడతారు కాబట్టి లీటరుకి గేదె పాలంత రాదు గానీ, డ్వాక్రా అప్పు మీద ఒక్క ఆవు కొనుక్కున్న ఇంటికి క్రమం తప్పకుండా వచ్చే డబ్బు ఇదొక్కటే. వరి అయిపోతే గోగు, అదీ అయిపోతే వలస. కట్టడం పనులకి చెన్నై దాకా వెళ్ళి వచ్చిన ఆడమనిషిని అడిగితే, ఇంటిపట్టున ఉండి సంపాదించే పాలడబ్బు విలువేమిటో చెబుతుంది. అంచేత నేను ఈ ఆవుని తిట్టను. దీన్ని తిట్టేవాళ్ళలో ఎక్కువమంది పాలు ప్యాకెట్టులో కొనుక్కునేవాళ్ళు.

ఇక దూడ లెక్క. సంకర దూడ పుట్టినప్పుడు ఇరవై, ఇరవైఐదు కిలోలు తూగుతుంది. ఒంటి బరువులో పదో వంతు పాలు రోజూ పట్టాలన్నది మాకు నేర్పిన మొదటి పాఠం. అంటే రోజుకి రెండు లీటర్లకి తగ్గకూడదు. రెండు నెలలు పడితే 120 లీటర్లు. లీటరు 35 రూపాయలు అనుకున్నా 4,200 రూపాయలు. ఆ తరవాత తవుడు, గడ్డి మామూలే. పెయ్యకైతే అది పెట్టుబడి. కోడె మీద పెట్టిందీ ఒకప్పుడు తిరిగొచ్చేది. నాటు కోడె మూడేళ్ళకి కాడి కిందకి వచ్చేది, ఈడూ జోడూ కుదిరితే సంతలో ఆవు కంటే ఎక్కువ పలికేది. సంకర కోడెకి కాడి ఆనడానికి మూపురం లేదు, మే నెల ఎండలో దుక్కి దున్నే ఊపిరి లేదు. ఉన్నా పిలిచేవాళ్ళు లేరు, ట్రాక్టరు వచ్చేసింది. లాభం లెక్క వేసే కాగితాల్లో ఆవు ఖరీదు, దాణా, మందులు, పాల రాబడి అన్నీ కనిపిస్తాయి. సగం ఈతల్లో పుట్టే మగదూడ మాత్రం కనిపించదు. దాన్ని లెక్కలోంచి తీసేస్తేనే ఆవు ఇంత లాభసాటిగా తేలుతుంది.

ఇంకో సంగతి ఉంది, నాకు అన్నిటికంటే పెద్దది అదే. దూడ కుడిస్తే గానీ నాటు ఆవు చేపదు. దూడ చచ్చిపోతే దాని తోలులో గడ్డి కూరి తల్లి ముందు నిలబెట్టి పాలు పితికేవారు. అందులో మోసం ఉంది. కానీ దూడ లేనిదే పాలు లేవన్న ఒప్పుకోలు కూడా ఉంది. కాబట్టి ఎంత పిసినారి అయినా దూడ వాటా దూడకి వదిలేవాడు. సంకర ఆవుకి ఆ పట్టింపు తక్కువ. దాణా ముందు పెట్టి పొదుగు కడిగితే చేపేస్తుంది. దూడ వాటా అనే ధర్మం మన దయ మీద నిలబడి ఉండేదనుకునేవాణ్ణి. ఆవు స్వభావం కాస్త మారగానే అది కూలిపోయిందంటే, అది నిలబడింది మన అవసరం మీదేనని తేలింది.

సింహాచలం అప్పన్నకి కోడెదూడని మొక్కుకోవడం మా వైపంతా పాత ఆచారం. పిల్లలు బతకాలని, పంట గట్టెక్కాలని మొక్కేవారు. మందలో మేలైనదాన్ని ఎంచి "ఇది అప్పన్నది" అని పేరు పెట్టేవారని, అది ఎవరి చేలో మేసినా కర్ర ఎత్తేవారు కాదని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. ఆ కోడె ఇంట్లో ఉంటే పనికొచ్చే కోడె. ఇస్తే ఇంటికి ఒక చెయ్యి విరిగినంత లోటు. మొక్కులోని బరువంతా ఆ లోటుదే. ఇప్పుడు ఆటోలో కాళ్ళు కట్టి తీసుకెళ్ళే దూడ లేకపోతే ఇంటికి లోటు లేదు సరికదా, పూటకి లీటరు పాలు మిగులు. 2013లో కొండ దగ్గరి గోశాలలో దూడలు వరసగా చనిపోవడం పత్రికలకెక్కింది. పాలు మానని పసిదూడని తల్లి నుంచి విడదీసి ఎండలో అంత దూరం తీసుకెళ్తే ఏమవుతుందో, పశువైద్యంలో ఓనమాలు దిద్దినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. గుడివాళ్ళని తిట్టడం సులువు. ఆ దూడని పాలు మానకముందే బండెక్కించింది మన ఊరి చేతులు.

జెర్సీ దూడని కొండకి తేవద్దని, నాటుదే తెమ్మంటున్నారని ఊళ్ళల్లో చెప్పుకుంటారు. మూపురం లేనిది గోవే కాదన్న ప్రవచనాలు కూడా ఫోన్లలో తిరుగుతున్నాయి. నాకు నవ్వొస్తుంది. ఆ కొండ మీద ఉన్నది ఎవరు? వరాహమూ నరసింహమూ ఒక్క మూర్తిలో కలిసిన దేవుడు. ఏడాదిలో వైశాఖ శుద్ధ తదియ ఒక్కనాడు తప్ప చందనం కప్పుకునే ఉంటాడు. పందీ సింహమూ మనిషీ కలిసిన రూపానికి దణ్ణం పెట్టి, దూడలో రెండు జాతులు కలిశాయని మెట్ల దగ్గర అభ్యంతరం చెబుతామా?

ఈ ప్రశ్న కొత్తదేం కాదు. కఠోపనిషత్తు మొదలయ్యేదే పనికిరాని పశువుల దానంతో. వాజశ్రవసుడు యజ్ఞం చేసి ఉన్నదంతా ఇచ్చేస్తున్నానన్నాడు. ఇచ్చినవి మేత కూడా మెయ్యలేని, పాలు ఎండిపోయిన ముసలి ఆవులు. కొడుకు నచికేతుడు పసివాడు, అది చూసి తట్టుకోలేక నన్నెవరికిస్తావని తండ్రిని మళ్ళీ మళ్ళీ అడిగాడు. విసిగిపోయిన తండ్రి యముడికిస్తానన్నాడు. ఆ తరవాత వచ్చే ఆత్మవిద్య మీద వేదాంతులు వ్యాఖ్యానాలు రాశారు. నాకు మాత్రం ఆ ముసలి ఆవుల దగ్గరే ఆగిపోవాలనిపిస్తుంది, నా వృత్తి అలాంటిది. వాజశ్రవసుడి ఆవులు తాగాల్సిన నీళ్ళు తాగేసినవి. మన దూడలు తాగాల్సిన పాలు ఇంకా తాగనివి. ఆయన వాడుకుని ఇచ్చాడు. మనం వాడుకోవడానికి లేదని ఇస్తున్నాం. నచికేతుడు మన పాకలోకి వస్తే తండ్రి మీద కాస్త కోపం తగ్గించుకునేవాడేమో.

చట్టం ఏమంటుంది అంటే, ఆంధ్రప్రదేశ్‌లో 1977 నాటి గోవధ నిషేధ చట్టం దూడలకి కూడా వర్తిస్తుంది, ఆడదైనా మగదైనా. ఆకలికి మాడ్చడమూ నేరమేనని 1960 నాటి జంతుహింస చట్టం చెబుతుంది. రెండూ ఉన్నాయి. సుప్రీంకోర్టు కూడా ఈ చిక్కులో తల పెట్టింది. 1958లో ఖురేషీ కేసులో, ఆవుల్నీ దూడల్నీ చంపకూడదనడం సరే, పనికిరాని ఎద్దుల మీద పూర్తి నిషేధం మాత్రం చెల్లదంది. ఉన్న కొద్ది మేతలో అవి పనికొచ్చే పశువుల వాటా తినేస్తాయన్నది ఒక కారణం. 2005లో గుజరాత్ కేసులో ప్రధాన న్యాయమూర్తి లాహోటీ ఉన్న ఏడుగురి ధర్మాసనం ఆ మాట తిరగరాసింది. ముసలి ఎద్దు కూడా పేడ వేస్తుంది, మూత్రం పోస్తుంది, కాబట్టి అది పనికిరానిది కాదంది. ఆ తీర్పులో కరుణ ప్రస్తావన కూడా ఉంది. అయినా బరువు మోసింది పేడే. చంపొచ్చన్నవాళ్ళూ వద్దన్నవాళ్ళూ చివరికి ఒకే తక్కెడ పట్టుకున్నారు, ఇది దేనికైనా పనికొస్తుందా అని.

2019 పశుగణనలో దేశంలో ఆవు జాతి పశువులు 19 కోట్ల పైచిలుకు. వాటిలో ఆడవి పద్నాలుగున్నర కోట్లు. ప్రకృతి సగం సగం పుట్టిస్తుంది, మిగిలేటప్పటికి మూడు ఆడవాటికి ఒక మగది. తేడా ఎక్కడికి పోయిందో పశుగణన చెప్పదు. చట్టాలు, మొక్కులు, గోశాలలు అన్నీ ఉండగానే పోయింది.

1928లో సబర్మతి ఆశ్రమంలో ఒక దూడ నయంకాని జబ్బుతో విలవిల్లాడుతుంటే గాంధీ దగ్గరుండి వైద్యుడి చేత సూది వేయించి దాని బాధ ముగించాడు. దేశం నలుమూలల నుంచి తిట్లు వచ్చిపడ్డాయి. ఆయన తన పత్రికలో అదంతా దాచకుండా రాసుకున్నాడు. ఆయన చేసింది ఒప్పో తప్పో నేను తేల్చను. నాకు పట్టేది ఒక్కటే, ఆ చావుకి ఒక మనిషి బాధ్యత తీసుకున్నాడు. మా ఊళ్ళల్లో కోడెదూడ చావుకి ఎవరూ బాధ్యులు కారు. మూడో రోజుకి జున్నుపాలు తగ్గుతాయి, వారానికి తాడు పొట్టిదవుతుంది, పేడ పలచబడుతుంది, నెలకి లేవలేకపోతుంది. "దాని ఆయుస్సు అంతే బావూ" అంటారు. ఎవరూ చంపలేదు. హింస చేసేవాడు లేకుండా హింస జరగడం ఎలాగో ఏ శాస్త్రం చదివినా నాకు ఇంత స్పష్టంగా తెలిసేది కాదు. దాన్ని అప్పన్న పేర పెడితే పాపం కూడా పుణ్యం పద్దులోకి వెళ్ళిపోతుంది.

ఇప్పుడు ఆడదూడలే పుట్టే సూదులు వచ్చాయి. పెయ్యనిచ్చే వీర్యకణంలో వంశపదార్థం నూటికి నాలుగు పాళ్ళు ఎక్కువ, యంత్రం ఆ తేడా పట్టి వాటిని వేరుచేస్తుంది. నూటికి తొంభై వరకు పెయ్యలే. మనుషుల్లో పుట్టబోయేది ఆడో మగో చెబితే జైలని 1994లో చట్టం చేసుకున్నాం, ఇంట్లో కొడుకు కావాలి కాబట్టి. పాకలో కూతురు కావాలి, ప్రభుత్వమే రాయితీ ఇస్తుంది. ఇది తప్పని నేననను. ఆకలితో చచ్చే కోడె కంటే పుట్టని కోడె మేలు. పుట్టనివ్వకపోవడం కూడా హింసేననే ఒక పండితుడితో చాలాసేపు వాదించాను. ఆయన ఇంట్లో పశువు లేదు.

మొన్న మెరకముడిదాం వైపు ఒకావిడ పొద్దున్నే కబురు పెట్టింది. ఆవు అరుస్తోంది, తీగలు వేస్తోంది. కిందటి ఈతలో పుట్టింది కోడె, కొండకి పంపారు. ఆడదూడ సూది ఉందమ్మా, కాస్త ఖరీదు అన్నాను. ఆవిడ డబ్బు గురించి అడగలేదు.

"అదేస్తే అప్పన్న వాటా ఎగ్గొట్టినట్టు కాదేటి బావూ?"

నూటికి పది కోడెలు అప్పటికీ పుడతాయమ్మా, ఆయన వాటా ఆయన తీసుకోగలడు అన్నాను. అలా పుడితే మాత్రం రెండు నెలలు కడుపునిండా పాలు పట్టి, గడ్డి మెయ్యడం నేర్చుకున్నాక అప్పుడు కొండకి తోలుకెళ్ళు, అసలు మొక్కు ఆ పాలే అన్నాను. వేళ్ళ మీద లెక్కపెట్టింది. పాల కేంద్రంలో రోజూ తనే పాలు పోస్తుంది కాబట్టి నాకంటే వేగంగా నాలుగువేలకి చేరింది.

"అన్ని పాలే! అంతకంటే హుండీలో అయిదొందలు ఏసీడం సౌక కదేటి?"

పొద్దున ఎదకొచ్చిన ఆవుకి సూది సాయంత్రం వెయ్యాలి. ఏ సూదో సాయంత్రానికి చెప్పమని, డబ్బా బండికి కట్టుకుని పక్క ఊరు వెళ్ళాను.