ఫెయిర్‌ఫాక్స్ బడుల్లో మన వాటా

ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో ఇల్లు కొనే తెలుగు కుటుంబం పడకగదుల కంటే ముందు బడి సంగతి అడుగుతుంది. రేటింగ్ ఎంత? ఏఏపీ, అంటే చదువులో ముందున్న పిల్లల ప్రత్యేక తరగతుల, సెంటర్ ఎక్కడ? ఆ మిడిల్ స్కూల్ నుంచి టీజేకి (థామస్ జెఫర్సన్ సైన్స్ అండ్ టెక్నాలజీ హైస్కూల్‌కి) ఎందరు వెళ్తారు? అప్పులు చేసి, పొలాలు అమ్మి చదివించిన అమ్మానాన్నల పిల్లలం కదా, అడగడంలో తప్పు లేదు. మన ఆరా సొంత పిల్లల దగ్గరే ఆగిపోవడం మాత్రం నాకు బాధగా ఉంటుంది.

వర్జీనియాలోకెల్లా పెద్ద స్కూల్ డిస్ట్రిక్ట్ ఇది. దాదాపు 200 బడులు, సుమారు 1,80,000 మంది పిల్లలు. వాళ్ల ఇళ్లలో వినిపించే భాషలు 200 పైమాటే. ధనిక కౌంటీ అంటారు కానీ, ఇంచుమించు మూడో వంతు పిల్లలు ఉచిత లేదా తగ్గింపు ధర భోజనానికి అర్హులు. బెయిలీస్ క్రాస్‌రోడ్స్‌లో పిల్లలు ఎక్కువై చోటు చాలకపోతే, 2014లో ఐదంతస్తుల ఆఫీసు భవనాన్నే ఎలిమెంటరీ బడిగా మార్చారు. గ్రేట్ ఫాల్స్ సంపన్నుల భవంతులూ ఆ బడీ ఒకే బోర్డు కింద ఉన్నాయి.

ఈ కౌంటీలో ఒకప్పుడు నల్లజాతి పిల్లలకు హైస్కూలే లేదు. హైస్కూల్ చదవాలంటే మనాసస్‌కో, వాషింగ్టన్‌కో పోవాల్సిందే. తల్లిదండ్రులు ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా 1954లో లూథర్ జాక్సన్ హైస్కూల్ తెరిచారు, అదీ వాళ్లకు వేరుగా. తెల్లపిల్లలతో కలిపి కూర్చోబెట్టడం పూర్తయ్యేసరికి అరవయ్యో దశకం సగం గడిచింది. పౌరహక్కుల కోసం నల్లజాతివాళ్లు పోరాడిన ఆ కాలంలోనే, 1965లో, మనలాంటివాళ్లకు దారి ఇచ్చిన వలస చట్టం వచ్చింది. జాక్సన్ పేరుతో మిడిల్ స్కూల్ ఇప్పటికీ నడుస్తోంది. మన పిల్లలకు ఈ కథ ఇంట్లోనే చెప్పాలి.

టీజే సంగతి మనకు మరీ దగ్గరిది. 2020లో ప్రవేశ పరీక్ష తీసేసి, ప్రతి మిడిల్ స్కూల్ ఎనిమిదో తరగతిలో 1.5 శాతం మందికి సరిపడా సీట్లు కేటాయించారు. మరుసటి ఏడు చేరినవారిలో ఆసియా పిల్లల వాటా 73 శాతం నుంచి 54కు పడిపోయింది. కొందరు తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. 2024లో సుప్రీంకోర్టు ఆ కేసు విననంది. ఏళ్లతరబడి కష్టపడ్డ పిల్లల దిగులు నిజమైనది, కోర్టుకెళ్లడం వాళ్ల హక్కు. అయితే అంతకుముందు టీజే ముఖమే ఎరగని బడుల పిల్లలకు తలుపు తెరుచుకున్నందుకు నేను సంతోషిస్తాను. ఈ మాట మనవాళ్లలో చాలామందికి రుచించదని తెలుసు, అయినా అంటాను.

ఎన్నికైన 12 మంది సభ్యుల స్కూల్ బోర్డుకు పన్ను వేసే అధికారం లేదు. ఏటా కౌంటీ సూపర్‌వైజర్లను అడిగి డబ్బు తెచ్చుకోవాలి. అందులో మన ఇంటిపన్నూ ఉంది. పౌరసత్వం ఉన్నవాళ్లు ఓటు వేయొచ్చు. హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లు కూడా బహిరంగ విచారణలో పేరు రాయించుకుని మాట్లాడొచ్చు. మన పండుగనూ బోర్డు గుర్తించింది: 2022–23 నుంచి దీపావళి సెలవు యోమ్ కిప్పుర్, ఈద్‌లతో కలిసి క్యాలెండర్‌లోకి వచ్చింది. వచ్చే వసంతంలో బడ్జెట్ విచారణకు మన సంఘం నుంచి నలుగురైనా వెళ్లి, మన పిల్లలు ఒక్కరూ చదవని ఏదో ఒక బడికి టీచర్లు కావాలని అడగాలని నా కోరిక.